పాలబండిలో ఒక సీటు

ఈ పొద్దు తెల్లారి పాలు పొయ్యి మీద పెట్టి, ఫోన్లో ఫోటోలు చూస్తా చూస్తా మైమరిచిపోయినాను. పొంగడం ఎప్పుడో అయిపోయి, గిన్నె అడుగు మాడి, ఆ వాసన ఈ రెండు గదుల బాడిగింటి నిండా పట్టుకునింది. పులికాట్ ఒడ్డున ఉండే పల్లె ఇది. తలుపు తీస్తే ఎండబెట్టిన రొయ్యల వాసన, ఉప్పు గాలి, పడవల మీద ఆరేసిన వలల్లో నించి వచ్చే నాచు కంపు. వాటన్నిటినీ పక్కకి తోసేసి ఆ మాడిన పాల వాసన ముక్కులో దూరి, నన్ను పద్నాలుగేండ్లు వెనక్కి ఈడ్చుకోని పోయింది. గిన్నె తోమాల్సింది పోయి, చెంచా తీసుకోని అడుగు గీక్కోని తిన్నాను. ప్యాకెట్ పాలకి ఆ రుచి యాడ వస్తాది? అయినా గీకినాను.

నా దగ్గర వార్తలు చానా ఉండాయి. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. మా నాయన ఏడో తరగతి మధ్యలో మామిడి తోటల కాపలాకి పోయినాడు, మా యమ్మ సంతకం పెట్టేది నా దగ్గరే నేర్చుకునింది. అట్లాంటి ఇంట్లో నేను తిరుపతిలో నర్సింగ్ డిగ్రీ పాసైనాను, ఈ పల్లె క్లినిక్‌లో ఉద్యోగం వచ్చింది, మా రత్నమ్మత్తకి పాకాలలో సన్మానం అయ్యింది. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి జరిగితే మనిషి ఊరకే ఎట్ల ఉంటాది? ఎవర్నైనా పట్టుకోని చెప్పాల. మా ఊర్లో అయితే పాల సెంటర్ ముందర లైన్లో చెప్తేనే అది వార్త, ఇంట్లో చెప్పుకునేదంతా ఉత్త గుసగుస. ఆ లైను ఇప్పుడు లేదు. అందుకే మీకు చెప్తా ఉండాను.

మాది పూతలపట్టు నించి పాకాల పోయే దోవలో, బస్సు దిగి మామిడి తోటల్లో నాలుగు కిలోమీటర్లు నడిస్తే వచ్చే పల్లె. మాఘమాసం చలికి తోటలన్నీ పూత మీద ఉంటే, ఆ పూత వాసన, కొట్టాల్లో పచ్చి పేడ వాసన, నీళ్ళు కాగే పొయ్యిల పొగ, మూడూ మంచులో కలిసిపోయి ఊరి మీద దుప్పటి మాదిరి పరుచుకోని ఉండేవి. కోడి కూసే లోపల అవ్వ నన్ను లేపేది. పొదుగు కడిగేదానికి గోరువెచ్చని నీళ్ళ చెంబు పట్టుకోని నిలబడే పని నాది. అమ్మ పిండతా ఉంటే పాలధార ఉత్త చెంబులో ముందు గట్టిగా మోగి, నిండేకొద్దీ మెత్తగా అయిపోయేది. ఆ మెత్తటి చప్పుడు వింటా వింటా నేను నిలబడే నిద్ర పోతా ఉంటిని. ఇంక ఏడు గంటలకి పాలబండి వచ్చేలోపల ఊరి ఆడోళ్ళందరూ క్యాన్లు పట్టుకోని సెంటర్ ముందర లైను. ఎవురింట్లో కోడలు అలిగింది, ఎవురి పిల్ల ఫెయిలైంది, ఎవురి సేన్లో పంది పడింది, అన్నీ ఆడే తేలేవి. పాలు పల్చగా ఉంటే చాలు, వెనక నించి ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు: "ఏం మే, మీ యావు గడ్డి తింటాదా, ఉత్త చెరువే తాగుతాదా?"

ఆ అనేది జాస్తిగా రత్నమ్మత్తే. మాకు సుట్టం కాదు, వరసకి అత్త. పొట్టి మనిషి, గొంతు మాత్రం గుట్ట అవతల మేసే ఆవుకి గూడా వినపడేది. రెండు సీమావులు, నడుముకి ఆకూవక్కా సంచి, కాళ్ళకి ఎప్పుడూ మొగోళ్ళ చెప్పులు. చదువు రాదు. కానీ ఏ కాయితం ఏ ఆఫీసుదో సీలు చూసి చెప్పేసేది. ఎందుకంటే అన్ని ఆఫీసులు తిరిగింది ఆమె. అట్ల తిరగడం మొదలైంది మా యమ్మ వల్లనే.

నాకు ఎనిమిదేండ్లప్పుడు అమ్మకి కాన్పు ముందే నొప్పులొచ్చినాయి. మా ఊర్లో ఫోన్ పలకాలంటే గుట్ట ఎక్కాల. నాయన గుట్ట ఎక్కి, అంబులెన్సుకి చెప్పి, దిగొచ్చి, అది వచ్చేదాకా ఆగలేక గడ్డి తోలే ఆటోలో పరుపేసి అమ్మని పండబెట్టినాడు. తోడు పోయింది రత్నమ్మత్త. పాకాల చేరకముందే బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆసుపత్రిలో ఎవరో రత్నమ్మత్తతో అన్నారంట, ముందుగా ఒక్క తూరి ఎవరైనా బీపీ చూసుంటే ఇంత దూరం వచ్చేది కాదు అని. రత్నమ్మత్త తిరిగొచ్చి రెండు దినాలు లైన్లో నోరు తెరవలేదు. లైను లైనంతా భయపడింది.

మూడో దినం నించి అర్జీలు. మా దిక్కు సర్కారు నర్సమ్మ ఒక్కతే, ఆమెకి ఏడు పల్లెలు. పాపం ఆమె తప్పేమీ లేదు, బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడిచి, మళ్ళా నాలుగు నడిచి పోవాల, మోకాళ్ళ నొప్పి మనిషి. నెలకొక తూరి రావాల్సింది, మూడు నెలలకి వస్తే పండగ. రత్నమ్మత్త సోమవారం సోమవారం చిత్తూరు పోయి అర్జీ ఇచ్చింది, ఆడ నించి ఇంకో ఆఫీసు, ఆడ నించి ఇంకోటి. చివరికి ఒక ఆఫీసరు తేల్చి చెప్పినాడంట: నర్సమ్మని పంపేదానికి మాకేం అడ్డం లేదు, బండి లేదు. ఆమె ఆ మాట పట్టుకోని నేరుగా పాలబండి దగ్గరికి వచ్చింది. డ్రైవర్ పక్కన సీటు రోజూ ఖాళీగానే వస్తాది గదా, వారానికి ఒక దినం నర్సమ్మని ఎక్కించుకోని వచ్చి, మాపటేల బండిలో తీసుకోని పొమ్మని. డెయిరీ వాళ్ళు ఒప్పుకోలేదు. పాలబండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, అది రూలు.

అప్పటికి అమ్మకి మళ్ళా ఎనిమిదో నెల. ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు గానీ, అందరి కండ్లూ అమ్మ కడుపు మీదనే. నాయన ఆ గడ్డి తోలే ఆటోకి కొత్త టైర్లు వేయించినాడు. అవ్వ ప్రతి శుక్రవారం గంగమ్మకి నీళ్ళు పోసి వచ్చేది. అమ్మ కాళ్ళు వాచినాయి. కడుపుతో ఉంటే నీరు పట్టేది మామూలే అని అవ్వ పల్లేరుగాయల కసాయం కాచి తాపేది. నేను మాపటేల అమ్మ కాళ్ళు ఒత్తతా ఉంటిని. నా వేలు ఆనిచ్చిన చోట గుంట పడి, చానాసేపటికి గానీ పూడేది కాదు. నాకది ఆట. గుంటలు వరసగా పెట్టి, ఏది ముందు పూడతాదో అని చూసేదాన్ని.

ఒక దినం లైన్లో రత్నమ్మత్త క్యాన్ కింద పెట్టి చెప్పింది, అరవలేదు, మామూలుగానే చెప్పింది. "పాల కోసం దినానికి రెండు తూర్లు బండి వస్తాది. మనిసి కోసం మూడు నెల్లకి గూడా రాదు. రేపటి నించి ఈ ఊర్లో పాలు లేవు అందాం. సూద్దాం, యాడికి పోతాదో రూలు."

మరుసటి దినం ఏడు గంటలకి బండి వచ్చింది. ఆడోళ్ళందరూ రోజూ మాదిరే లైన్లో నిలబడినారు, ఉత్త క్యాన్లు పట్టుకోని. డ్రైవర్ హారన్ కొట్టినాడు, దిగినాడు, ఒక్కొక్క మూత తెరిచి చూసినాడు, తల గోక్కోని పోయినాడు.

ఇంక ఊరి పాలన్నీ ఊర్లోనే. ఏం చెయ్యాల? పాలు నేల మీద పోస్తే పాడి అలిగి పోతాదని మా అవ్వ మొదలు అందరు అవ్వలూ అడ్డం పడినారు. అప్పుడు మొగోళ్ళు బెల్లం వండే పెనం తీసినారు. మా ఊరి చెరుకు గానుగ దగ్గర ఉండే పెనం, నలుగురు మోస్తే గానీ లేవదు. గాడిపొయ్యి మీద దాన్ని పెట్టి, చెరుకుపిప్పి మంట వేసి, ఇల్లిల్లూ తిరిగి పాలు తెచ్చి పోసినారు. పాలు చిక్కబడతా ఉంటే పెనానికి పట్టిన పాత బెల్లం వాసన మేల్కొని లేచింది. తెడ్లతో ఇద్దరిద్దరు కలియబెడతా ఉంటే, అంచుల్లో మీగడ గోధుమరంగు తిరిగి, అడుగు రవ్వంత మాడి, ఆ పొగ వాసన, ఆ తీపి వాసన పూత మీద ఉన్న తోటల్లోకి పాకిపోయింది. మేము, పిల్లోళ్ళం, బడికి పోతే కదా. కొబ్బరిచిప్పలు పట్టుకోని పెనం చుట్టూ కాపలా. కుంటిబిళ్ళ ఆడేది, పరిగెత్తుకోని వచ్చి చిప్పలో కోవా గీరుకునేది, మళ్ళా పోయి గళ్ళలో దూకేది. నోరు కాలేది, చేతులు జిగట, గౌన్లకి మసి. గంగజాతరకి గూడా అంత తిని ఎరగం. పెద్దోళ్ళ మొహాల్లో ఏముందో మేము చూడలేదు. మాకది పండగ, అంతే.

రెండో దినం మధ్యాన్నం. అమ్మ కొట్టం గోడకి ఆనుకోని కూర్చోని ఉన్నింది. నేను చిప్ప కోసం ఇంట్లోకి పోతే నన్ను పిలిచి, "తల పగిలిపోతా ఉండాది మే, కండ్లు మసకలు కమ్మతా ఉండాయి, బిన్నా పోయి అవ్వని పిల్చుకోని రా," అనింది. నేను పరిగెత్తినాను. అవ్వ గానుగ దగ్గరే ఉండాది. గానుగ దగ్గరికి పోయినాను గూడా. కానీ అప్పుడే పెనం దింపినారు. అడుగు గీకేది పిల్లోళ్ళదే అని ఎవరో అన్నారు. అందరూ మీద పడినారు. నేను గూడా పడినాను. ఒక్క చిప్ప తిని చెప్దామనుకున్నాను. ఇంకోటి తిన్నాను. ఆ తర్వాత జీపు వచ్చింది, జీపు చూసి అందరితో పాటు ఉరికినాను, ఇంక అమ్మ మాట నా తలలో లేదు.

ఆ జీపులో దిగింది డెయిరీ పశువుల డాక్టరు. పెద్ద మందుల పెట్టె, కాళ్ళకి రబ్బరు బూట్లు. జరిగిందేమంటే, డ్రైవర్ ఉన్నదున్నట్టు చెప్పినా డెయిరీలో నమ్మలేదంట. ఒక సీటు కోసం ఊరు ఊరంతా పాలు ఆపేస్తాదా? వాళ్ళకి తెలిసి ఒక ఊరి పాలు ఒకేసారి ఆగినాయంటే ఒకటే కారణం, ఆవులకి గాలికుంటు రోగం వచ్చి దాచిపెడతా ఉండారని. ఇంక ఆ డాక్టరు కొట్టం కొట్టం తిరిగి ఆవుల నోళ్ళు తెరిచి నాలికలు చూస్తాడు, గిట్టల మధ్య వేళ్ళు పెట్టి చూస్తాడు. ఆడోళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకోని ఆయన వెనకే నడుస్తారు. ఒక్క ఆవుకి గూడా ఒక్క పుండు లేదు. చివరికి ఆయన చెయ్యి కడుక్కుంటా, ఆవులన్నీ బ్రహ్మాండంగా ఉండాయే, మరి రోగం ఎవరికి అని అడిగినాడు.

"రోగం మాకు సామీ," అనింది రత్నమ్మత్త. "ఆవులకి ఒక పూట పాలు ఆగితే జీపు వచ్చె. మా నోళ్ళు గూడా ఒక తూరి తెరిచి సూస్తావా?"

అందరూ నవ్వినారు. ఆయన గూడా నవ్వినాడు. ఆ నవ్వులో ఆమె చూపు నా మీద పడింది. మూతి నిండా కోవా. "మీ యమ్మ యాడ మే? పొద్దున నించి కనపడలా," అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. తల నొప్పంట, కండ్లు మసకంట, అవ్వని పిలవమనింది అని గబగబా చెప్పినాను. ఎప్పుడు చెప్పింది అంటే చిప్పని వెనక్కి దాచుకోబోయినాను. చేతిలో చిప్ప చూసింది ఆమె. డాక్టరు చెయ్యి పట్టుకోని, తడి చెయ్యే, మా ఇంటి దిక్కు లాగినట్టే నడిపించింది.

అమ్మ గోడకి ఆనుకోని అట్లే ఉన్నింది, కండ్లు తెరవకుండా. డాక్టరు గడప దగ్గరే ఆగిపోయినాడు. నేను మనుషుల్ని చూడకూడదమ్మా అన్నాడు. రత్నమ్మత్త పక్కకి జరగలేదు. ఆయన ఒంగి, బొటనవేలితో అమ్మ కాలి మీద నొక్కి తీసినాడు. గుంట పడింది. ఆ గుంట వైపు ఆయన చూస్తా ఉంటే, ఆయన మొహం నేను చూసినాను. నాకు ఆటగా ఉన్నింది ఆయనకి ఆటగా లేదు.

"నేను మనుషుల డాక్టర్ని కాదు," అన్నాడు మెల్లగా. "అయినా ఇది చూసి నేను ఊరకే పోలేను. జీపులో పండబెట్టండి."

అవ్వ, రత్నమ్మత్త, నాయన, మందుల పెట్టె దించేసిన చోట అమ్మ. జీపు తోటల్లో దుమ్ము లేపుకుంటా పోయింది. నేను పెనం దగ్గరికి మళ్ళా పోలేదు. చిప్పలో మిగిలిన కోవా గట్టిపడి రాయి అయిపోయింది. దాన్ని పారేస్తే అమ్మకి ఏమైనా అవుతాదేమో అని మూడు దినాలు దిండు కింద పెట్టుకున్నాను, చీమలు పట్టేదాకా. అంతవరకూ నాకు దేవుడికి మొక్కడం రాదు. అప్పుడు నేర్చుకున్నాను.

తిరుపతి పెద్దాసుపత్రిలో అమ్మ బతికింది. తమ్ముడు నెల ముందే పుట్టినాడు, చెయ్యంత బిడ్డ, బతికినాడు. ఇంకో గంట ఆలస్యమై ఉంటే అని ఆడ ఏమన్నారో నేను పెద్దయినాక గానీ నాకు చెప్పలేదు. చిప్ప సంగతి రత్నమ్మత్త ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ.

అమ్మ తిరిగొచ్చే లోపలే సీటు ఇచ్చినారు. ఆ పశువుల డాక్టరే పోయి డెయిరీలో చెప్పినాడంట. ఇంక ప్రతి బుధవారం పొద్దున పాలబండి ముందు సీట్లో నించి నర్సమ్మ దిగేది. చీరకి పాల వాసన, చేతిలో ఐస్ డబ్బా, మోకాళ్ళు పట్టుకోని ఒక అబ్బా. పాలు పోసినాక లైను చెదిరేది కాదు, క్యాన్లు పక్కన పెట్టి అట్లే నర్సమ్మ ముందరికి జరిగేది. పాల సెంటర్ బెంచీ మీదనే కడుపుతో ఉండేవాళ్ళని చూసేది, తక్కెడకి ఉయ్యాల గుడ్డ కట్టి బిడ్డల్ని తూచేది. బిడ్డల్ని తూచేటప్పుడు గూడా మా వాళ్ళకి ఎగతాళే, వీడిలో నీళ్ళు ఎన్ని కలిపినావు మే అని. బీపీ చూసేటప్పుడు ఆ రబ్బరు బుడ్డి పిసికే పని నాకు ఇచ్చేది. మధ్యాన్నం నర్సమ్మకి అన్నం ఇంటికొక వారం వంతు. వంతు వచ్చిన ఇంట్లో సంగటి ముద్ద మీద నెయ్యి గుంట, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, జాస్తి ప్రేమ ఉంటే కోడికూర. మా ఇంటి వంతు వస్తే నేను బడి మానేసేదాన్ని.

రత్నమ్మత్తకి మాత్రం తృప్తి లేదు. వారానికి ఒక దినం సరిపోదు, ఊర్లోనే ఉండే మనిషి కావాల అని మళ్ళా అర్జీలు. ఒక శనివారం పాము కరిచి దిగువ వీధిలో ఒకాయన పోయినప్పుడు ఆమె శవం పక్కన కూర్చోని, బుధవారానికి ఇంకా నాలుగు దినాలుండాయి అని మాత్రం అనింది. ఉండే మనిషి రాలేదు. ఎన్నేండ్లు తిరిగినా రాలేదు.

ఇప్పుడు వార్త చెప్తాను. పల్లెల్లో వైద్యం కోసం పాటుపడిన వాళ్ళని గుర్తించి సన్మానం చేస్తామని చిత్తూరులో కొందరు ముందుకొస్తే, ఆమె పేరు నేనే పంపినాను. దరఖాస్తులో హోదా అని ఒక గడి ఉండాది. ఆమెకి ఏ పదవీ లేదు. 'పాలు పోసే ఆమె' అని రాసినాను. పాకాలలో మీటింగు పెట్టి, శాలువా కప్పి, మైకు ఇచ్చినారు. ఆమె మైకుని ఎగాదిగా చూసి, నేను అడిగింది ఒక సీటు, దానికి ఇంత గుడ్డ ఎందుకప్పా అనింది. హాలంతా చప్పట్లు. అమ్మ పక్కన కూర్చోని నేను ఏడ్చినాను, సంతోషంగానే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె పక్కనే కూర్చోని, నా వార్త చెప్పినాను. అంతదాకా దాచిపెట్టింది ఆమె కోసమే. పాసైనాను అత్తా, పులికాట్ దగ్గర పల్లెలో ఉద్యోగం, టౌన్లో స్నేహితురాళ్ళతో రూము గూడా చూసుకున్నాను, పొద్దున తొమ్మిదికి బస్సు, సాయంత్రం నాలుగుకి వెనక్కి వచ్చేయొచ్చు అని గుక్క తిప్పుకోకుండా చెప్పినాను. ఆమె నా తల నిమిరింది. శాలువా మడత పెట్టి ఒళ్ళో పెట్టుకునింది.

"మీ యమ్మకి కండ్లు మసకలు కమ్మింది బుధవారం కాదు మే," అనింది.

అది తిట్టు కాదు. కానీ ఆ చిప్ప సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కటే. ఆ రూము వద్దని నేను మరుసటి దినమే ఫోన్ చేసి చెప్పేసినాను. ఈ ఇల్లు వెతుక్కున్నాను.

పోయిన వారం ఊరికి పోతే పాల సెంటర్‌కి తాళం. గోడ మీద రేట్లు రాసే నల్లబోర్డు మాత్రం ఉండాది. ఊర్లో ఇప్పుడు నాలుగిండ్లలోనే ఆవులు, బండి రాదు, అంగట్లో ప్యాకెట్ పాలు. ఆ పెనాన్ని పాత ఇనుముకి వేసేసినారు. రోడ్డు వేసినారు, ఫోన్ గుట్ట ఎక్కకుండానే పలకతాది, అన్నీ మంచివే, కాదని ఎట్ల అంటాను. కానీ తెల్లారి ఏడు గంటలకి ఊరి ఆడోళ్ళందరూ ఒక చోట నిలబడే వేళ ఇంక లేదు. ఇప్పుడు మా ఊరు ఏది ఆపినా యాడా ఏదీ ఆగదు, ఏ జీపూ రాదు. క్యాన్లు పట్టుకోని నిలబడిన ఆ లైను చివర నిలబడి, నేను పాసైనాను మే అని ఒక్క కేక వెయ్యాలని ఉండాది. అందరూ ఒకేసారి తిరిగి చూస్తారు, ఎవరో ఒకరు వెనక నించి, ఎన్ని నీళ్ళు కలిపి పాసైనావు అంటారు. ఆ మాట కోసం నా ప్రాణం కొట్టుకుంటా ఉండాది.

ఈ పొద్దు ఆదివారం. క్లినిక్ లేదు. ఇది రాస్తా ఉంటే ఎవరో ఆడమనిషి పరిగెత్తుకోని వచ్చిన అడుగుల చప్పుడు, ఆయాసం, తలుపు మీద అరచేత్తో కొట్టిన చప్పుడు.

"నర్సమ్మా, ఉండావా?"

ఉండాను.